సగం కట్టిన విమానాన్ని రోడ్డు మీద తరలించడం ఎలా

ఇంట్లో కట్టుకునే విమానం ఏదో ఒక రోజు గ్యారేజీ గడప దాటాల్సిందే. ఇల్లు మారినప్పుడు కావచ్చు, ఎవరో సగంలో ఆపేసిన ప్రాజెక్టు కొన్నప్పుడు కావచ్చు, చివరి కూర్పు కోసం హ్యాంగర్‌కు చేర్చేటప్పుడు కావచ్చు. ఏళ్ల తరబడి చేసిన పనికి ఆ కొన్ని గంటల ప్రయాణంలోనే అన్నిటికంటే ఎక్కువ ముప్పు. ఆ ముప్పు ఎక్కడి నుంచి వస్తుందో ముందే తెలిస్తే, దాదాపు అంతా తప్పించుకోవచ్చు.

రెక్క గాల్లో మోసే బరువు దాని తొక్క మొత్తం మీద పరుచుకుని, రిబ్బుల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకల) మీదుగా స్పార్‌లోకి (రెక్క పొడవునా సాగే ప్రధాన దూలంలోకి), స్పార్ నుంచి ఫ్యూజలాజ్‌లోకి (విమానం మొండెంలోకి) వెళ్తుంది. రోడ్డు అలా పంచి ఇవ్వదు. ఒక బెల్టు కింద, ఒక చెక్క అంచు మీద, ఒక్క చోటే పడేస్తుంది. అదీ విమానం ఎదురుచూడని దిక్కు నుంచి. పైగా సగం కట్టిన విమానం పూర్తయినదాని కంటే బలహీనం. పై రేకు పడని ఫ్యూజలాజ్, గుడ్డ చుట్టని రెక్క, క్లీకోల (రివెట్ వేసేదాకా రేకులను పట్టి ఉంచే తాత్కాలిక పిన్నుల) మీద నిలబడ్డ తొక్క, ఇవన్నీ చూడడానికి గట్టిగానే ఉంటాయి. మెలి తిప్పే బలం వస్తే మాత్రం తట్టుకోలేవు.

అందుకే ఈ పని మొత్తానికి ఒకటే సూత్రం. విమానాన్ని చట్రానికి కట్టాలి, చట్రాన్ని బండికి కట్టాలి. విమానం మీదుగా బెల్టు వేసి నేరుగా బండికి బిగించకూడదు. బండి వంగుతుంది, మెలి తిరుగుతుంది, ఎగిరిపడుతుంది. ఆ కదలికలు చట్రంతోనే ఆగిపోవాలి.

ఏ దశలో ఉందో ముందు చూడండి

రివెట్లు పడని రేకుల సంగతి మొదట తేల్చాలి. క్లీకో అనేది జిగ్‌లో (భాగాలను సరైన కొలతలో పట్టి ఉంచే చట్రంలో) పని చేసేటప్పుడు తాత్కాలికంగా పట్టుకోవడానికే. గంటల కొద్దీ కుదుపుల్లో అది ఊడిరాకపోవచ్చు, కానీ ఉక్కు పిన్ను పలచని అల్యూమినియం రంధ్రంలో అదే పనిగా ఆడుతూ దాన్ని కోలగా చేస్తుంది. గుండ్రం పోయిన రంధ్రంలో రివెట్ సరిగ్గా నిండదు, తర్వాత పెద్ద సైజు రివెట్ వాడాల్సి వస్తుంది. కాబట్టి రెండే దారులు: ఆ రేకును బయల్దేరే ముందే రివెట్ చేయడం, లేదా తీసేసి విడిగా పడుకోబెట్టి తీసుకెళ్లడం. రెండూ కుదరకపోతే, ఒక రంధ్రం వదిలి ఒకదానికి కాకుండా ప్రతి రంధ్రంలోనూ క్లీకో పెట్టండి. ఇది గత్యంతరం లేనప్పటి ఉపాయమే అని గుర్తుంచుకోండి.

పై రేకులు లేకుండా పడవలా తెరుచుకుని ఉన్న ఫ్యూజలాజ్‌కు కాక్‌పిట్ దగ్గర రెండు లాంజెరాన్లను (ఫ్యూజలాజ్ పొడవునా సాగే కమ్మీలను) కలుపుతూ అడ్డంగా చెక్క బిగించాలి. 50×50 మి.మీ. కర్ర రెండు చివర్లా గాడి కోసి, గాడిలో తివాచీ ముక్క అతికించి, లాంజెరాన్ మీద కూర్చోబెట్టి సి-క్లాంపుతో పట్టాలి. ఇలాంటివి కనీసం రెండు, వాటి మధ్య ఐమూలగా ఒక కర్ర. ఐమూల కర్ర లేకపోతే అడ్డ కర్రలు వెడల్పును కాపాడతాయే గానీ మెలిని ఆపలేవు. ఫ్యూజలాజ్ ఇంకా జిగ్‌లోనే ఉంటే, వీలైతే జిగ్‌తో సహా తీసుకెళ్లండి. బరువు పెరుగుతుంది, అయినా అదే మేలు.

చెక్క విమానం, కాంపోజిట్ విమానం అయితే జిగురు పూర్తిగా గట్టిపడిందా లేదా అన్నది చూడాలి. వేలికి అంటకపోవడం వేరు, పూర్తి బలం రావడం వేరు. ఎపాక్సీ జాయింట్ ఏదైనా చివరి వారంలో అతికించి ఉంటే తయారీదారు చెప్పిన పూర్తి గడువు గడిచాకే కదపండి.

విప్పాల్సినవి, కొలవాల్సినవి

ఎయిలరాన్లు, ఫ్లాపులు, రడ్డర్, ఎలివేటర్లు, అంటే రెక్కలకూ తోకకూ ఉండే కదిలే భాగాలన్నీ విప్పేయండి. వాటిని కట్టి ఉంచి తీసుకెళ్తే కుదుపుకు హింజిలు టపటపా కొట్టుకుంటాయి, రాడ్-ఎండ్ బేరింగులు వంగుతాయి. అన్నిటికంటే ముందు వెనకంచు వంగుతుంది. వ్యాన్స్ ఆర్‌వీ తరహా కిట్ విమానాల్లో ఈ భాగాల తొక్క 0.016 అంగుళాల రేకు, అంటే 0.4 మి.మీ. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి టక్కుమని బయటికి వచ్చేంత పలచన. హారిజాంటల్ స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డ రెక్క) కూడా విప్పాల్సిందే, ఎందుకంటే బండి వెడల్పు దాటేది అదే. చాలా దేశాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా బండికి దొరికే వెడల్పు 2.5 నుంచి 2.6 మీటర్లు మాత్రమే.

విప్పిన ప్రతి జాయింటు బోల్టులు, వాషర్లు, స్పేసర్లు వచ్చిన వరసలోనే ఒక సంచిలో వేసి, ఆ సంచి మీద భాగం పేరు, కుడి ఎడమ రాయండి. వాషర్లు ఏ వైపు ఎన్ని ఉన్నాయో ఫోటో తీయండి. ఆ సంచిని ఆ భాగానికే కట్టాలనిపిస్తుంది. వద్దు. కుదుపుకు అది సుత్తిలా రేకును కొడుతూనే ఉంటుంది. సంచులన్నీ ఒక డబ్బాలో పెట్టుకోండి.

ఇప్పుడు కొలతలు. చాలామంది దాటేసే మెట్టు ఇదే. ఫ్యూజలాజ్‌లో ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) పై మూల నుంచి తోక బల్క్‌హెడ్ (ఫ్యూజలాజ్ లోపలి అడ్డ గోడ) ఎదుటి మూల వరకు ఐమూల కొలతలు రెండూ తీసుకోండి. కాక్‌పిట్ ఐమూలలు కూడా. రసమట్టాన్ని ఫైర్‌వాల్ దగ్గర లాంజెరాన్ల మీద అడ్డంగా పెట్టి, తర్వాత తోక దగ్గర పెట్టి, రెండింటి మధ్య తేడా రాయండి. రెక్కకైతే మొదలు రిబ్ దగ్గరా కొస రిబ్ దగ్గరా డిజిటల్ లెవెల్ పెట్టి కోణం తీసుకోండి. కొలిచిన ప్రతి చోటా ఫెల్ట్ పెన్నుతో చిన్న గుర్తు పెట్టండి. మామూలు పెన్సిల్‌తో అల్యూమినియం మీద గీయకండి, గ్రాఫైట్ ఉన్న చోట తుప్పు మొదలవుతుంది. చేరాక ఇవే కొలతలు మళ్లీ తీస్తారు. ముందు కొలత లేకపోతే, విమానం దారిలో మెలి తిరిగిందా, మొదటి నుంచీ అలాగే ఉందా అన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

నిర్మాణ లాగ్, ఫోటోలు, డ్రాయింగులు లారీలో పెట్టకండి, మీతోనే ఉంచుకోండి. విమానంలో సగానికి మించిన పని ఔత్సాహికులే చేశారని అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ముందు చూపించాల్సింది వాటితోనే. పోయిన రేకును మళ్లీ కొనవచ్చు, పోయిన లాగ్‌ను కొనలేం.

రెక్కల చట్రం

లోహపు రెక్కను ముందంచు కిందికి, వెనకంచు పైకి ఉండేలా నిలబెట్టి తీసుకెళ్లడమే మంచి పద్ధతి. ముందంచు రేకు గుండ్రంగా వంగి ఉంటుంది కాబట్టి అక్కడ గట్టిదనం ఎక్కువ. నిలబెడితే చోటు కూడా తక్కువ పడుతుంది. ఆర్‌వీ-7 రెక్క వెడల్పు 58 అంగుళాలు, అంటే దాదాపు 147 సెం.మీ. మందం సుమారు 20 సెం.మీ. రెండు రెక్కలు పక్కపక్కన నిలబెడితే మధ్య 15 సెం.మీ. ఖాళీతో కలిపి 90 సెం.మీ. వెడల్పు చట్రంలో ఇమిడిపోతాయి.

అడుగు భాగానికి 50×100 మి.మీ. కర్రలతో రెక్క పొడవుకు సరిపడే దీర్ఘచతురస్రం చేయండి. దాని మీద రెండు నిలువు చట్రాలు లేపాలి. ఒకటి రెక్క మొదట్లో, ఇంకోటి కొస వైపు. కొస చట్రం సరిగ్గా ఒక రిబ్ కిందికి రావాలి. రివెట్ల వరస చూసి ఆ రిబ్ ఎక్కడుందో మాస్కింగ్ టేప్‌తో గుర్తు పెట్టుకోండి. చట్రం రెండు రిబ్బుల మధ్య పడితే రేకు మొత్తం బరువు మోయాల్సి వస్తుంది. మొదటి గోతిలోనే సొట్ట ఖాయం.

కొస చట్రంలో రెక్కను పట్టుకోవడానికి 15 సెం.మీ. వెడల్పు తివాచీ పట్టీనో, మందపాటి కాన్వాస్ పట్టీనో రెండు కర్రల మధ్య ఉయ్యాలలా వేలాడదీయండి. ముందంచు ఆ ఉయ్యాల్లో కూర్చుంటుంది. పట్టీ రెక్క ఆకారానికి తనంతట తానే ఒదిగి, బరువును పరుస్తుంది. పట్టీ అడుగు నుంచి చట్రం కర్రకు కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే పెద్ద కుదుపుకు రెక్క ఉయ్యాలతో సహా కిందికి దిగి కర్రకు కొట్టుకుంటుంది. ఉయ్యాల వద్దనుకుంటే 18 మి.మీ. ప్లైవుడ్‌లో ముందంచు ఆకారం కోయవచ్చు. ముందు అట్టతో నమూనా కోసి, రెక్కకు ఆనించి సరిచూసి, ఫోమ్ మందం కోసం చుట్టూ 20 మి.మీ. అదనంగా వదిలి ప్లైవుడ్ కోయండి. ప్లైవుడ్ ఒక్కటే అయితే పట్టు సన్నగా ఉంటుంది. రెండు పలకలు 10 సెం.మీ. ఎడంగా నిలబెట్టి వాటి మధ్య పట్టీ సాగదీస్తే బాగుంటుంది.

మొదటి చివర స్పార్ బయటికి పొడుచుకుని ఉంటుంది. దాన్ని రెండు గట్టి చెక్కల మధ్య తివాచీ వేసి బిగించి పట్టుకోండి. అక్కడున్న రంధ్రాల్లోంచి ఇనుప బోల్టు వేసి చట్రానికి బిగిద్దామని చాలామందికి తోస్తుంది. ఆ రంధ్రాలు విమానంలోకెల్లా అతి కచ్చితంగా రీమ్ చేసినవి, రెక్కను ఫ్యూజలాజ్‌కు పట్టి ఉంచేవి. కొంచెం సన్నని బోల్టు వేస్తే వందల కిలోమీటర్లు అది లోపల కొట్టుకుంటూనే ఉంటుంది. రంధ్రం వాడక తప్పకపోతే బిగుతుగా దూరే నైలాన్ కడ్డీ వాడండి.

చట్రాన్ని బండిలో పెట్టేటప్పుడు రెక్క మొదలు బండి ముందు వైపు ఉండాలి. అకస్మాత్తుగా బ్రేకు వేస్తే రెక్క ముందుకు జారుతుంది. ఆ తోపును స్పార్ చివర తీసుకోవాలి గానీ కొస రిబ్ తీసుకోకూడదు. స్పార్ చివరకు ఎదురుగా ఒక అడ్డ చెక్క బిగించండి. రెక్క మీద బెల్టు వేయాల్సి వస్తే రిబ్ వరస మీదే వేయండి, బెల్టు కింద 10 సెం.మీ. వెడల్పున మెత్తటి పట్టీ పరచండి, వెనకంచు మీదుగా మాత్రం వెళ్లనివ్వకండి. వెనకంచు దగ్గర బెల్టు అవసరమనిపిస్తే, రెక్కకు రెండు వైపులా కర్రలు నిలబెట్టి, బెల్టు ఆ కర్రల మీదుగా పోయేలా చేయండి.

మెత్తటి సరుకు ఎంపికలో కూడా ఒక జాగ్రత్త ఉంది. పరుపుల్లో వాడే స్పాంజి ఫోమ్ నీళ్లు పీల్చి పట్టుకుంటుంది. తడి స్పాంజి అల్యూమినియానికి అంటుకుని కొన్ని వారాలు ఉంటే దాని కింద తెల్లటి తుప్పు మచ్చలు వస్తాయి. నీళ్లు పీల్చని క్లోజ్డ్-సెల్ ఫోమ్ వాడండి. తివాచీ మంచిదే, కానీ కొత్తదో, శుభ్రంగా దులిపినదో అయి ఉండాలి. పాత తివాచీలో ఇరుక్కున్న ఇసుక ఉప్పుకాగితంలా పని చేసి, ఆల్‌క్లాడ్ రేకు మీదున్న పలచని స్వచ్ఛ అల్యూమినియం పొరను గీకేస్తుంది. తుప్పు పట్టకుండా ఆపేది ఆ పొరే. కొత్తగా రంగు వేసిన భాగాలకు బబుల్ ర్యాప్ నేరుగా చుట్టకండి, బుడగల అచ్చులు రంగులో దిగిపోతాయి.

ఫ్యూజలాజ్‌ను మూడు చోట్లే పట్టుకోండి

బండి తొట్టి గట్టి బల్లలా కనిపించినా, గతుకుల్లో మూల నుంచి మూలకు మెలి తిరుగుతుంది. ఫ్యూజలాజ్‌ను నాలుగు మూలలా బిగిస్తే ఆ మెలి అంతా దానిలోకి ఎక్కుతుంది. మూడు చోట్ల పట్టుకుంటే ఎక్కదు. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగకుండా నిలబడుతుందే, అదే సంగతి.

ముందు రెండు పట్టులు ప్రధాన స్పార్ ఇమిడే బల్క్‌హెడ్ దగ్గర, కుడీ ఎడమా. ల్యాండింగ్ గేర్ బిగించే చోటు దొరికితే అదీ మంచిదే, అది నేల నుంచి వచ్చే దెబ్బ తట్టుకునేలా కట్టిన చోటు. మూడోది తోక దగ్గర ఒకే ఒకటి, ఫ్యూజలాజ్ మధ్యగీత మీద, బల్క్‌హెడ్ కింద. ఆ వెనక పట్టును మరీ బిగించకండి. 15 సెం.మీ. పట్టీతో ఉయ్యాలలా ఉంటే కాస్త తిరగడానికి వీలుంటుంది, కిందికీ పక్కకీ మాత్రం పోదు. రెండు బల్క్‌హెడ్ల మధ్య ఉత్త రేకు మీద ఎక్కడా బరువు ఆనకూడదు.

ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసిన ఫ్యూజలాజ్ అయితే గొట్టాలు కలిసే ముడుల దగ్గరే పట్టుకోండి, బెల్టు కూడా అక్కడే. గొట్టం మధ్యలో బెల్టు వేసి లాగితే గొట్టం వంగుతుంది. పలచ గొట్టంలో వచ్చిన కొద్ది వంపు కంటికి కనపడకపోవచ్చు, కానీ నొక్కుడు బలం కింద దాని బలం తగ్గిపోతుంది.

చక్రాలు బిగించి ఉంటే విమానాన్ని దాని చక్రాల మీదే నిలబెట్టడం తేలిక. అయితే గేర్ కాలు స్వయంగా ఒక స్ప్రింగే. బెల్టు ఫ్యూజలాజ్ మీద వేసి కిందికి లాగితే, ప్రతి గోతికీ కాళ్లు దిగినప్పుడల్లా బెల్టు వదులవుతుంది, లేచినప్పుడు ఝాడిస్తుంది. బెల్టును ఇరుసుకు, అంటే చక్రం పక్కనే, కట్టి నేరుగా కిందికి బిగించండి. చక్రానికి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టి తొట్టికి మేకులతో కొట్టండి. వీల్ ప్యాంట్లు (చక్రాల మీది తొడుగులు) ముందే విప్పేయండి. కొద్ది దూరమే కదా అని విమానాన్ని దాని చక్రాల మీదే జీపు వెనక కట్టి రోడ్డు మీద లాక్కెళ్లడం మాత్రం వద్దు. ఆ బేరింగులు, తోక చక్రం రన్‌వే మీద నిమిషాల పరుగు కోసం చేసినవి, గంటల ప్రయాణానికి కాదు.

గుడ్డ చుట్టని చెక్క రెక్కకు ఇంకో కష్టం ఉంది. రిబ్ పైన ఉండే సన్నని పట్టీలు చేతి బరువుకే విరుగుతాయి. అలాంటి రెక్కను రెండు స్పార్ల కిందే పట్టుకుని, పైన ఏమీ పెట్టకుండా తీసుకెళ్లాలి. ఎత్తేవాళ్లకు ఎక్కడ పట్టుకోవాలో స్పార్ల మీద రంగు టేప్ అంటించి చూపించండి. గుడ్డ చుట్టిన రెక్కకూ అంతే, గుడ్డ మీదుగా ఏ బెల్టూ పోకూడదు.

లాంగ్-ఈజీ లాంటి ఫోమ్, ఫైబర్‌గ్లాస్ విమానాలకు శత్రువు వేడి. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ చాలా రకాల్లో 60–70 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. ఎండలో ఆపిన మూసిన లారీ పెట్టె, ముదురు రంగు టార్పాలిన్ కింద భాగం ఆ వేడికి సులువుగా చేరతాయి. ఆ స్థితిలో సన్నని చెక్క మీద గంటల కొద్దీ ఆని ఉంటే రెక్క ఆ ఆకారం పట్టేసి, చల్లారాక కూడా అలాగే ఉండిపోతుంది. పట్టులు కనీసం 20–30 సెం.మీ. వెడల్పుండాలి. తెల్ల గుడ్డ కప్పండి, మిట్ట మధ్యాహ్నం ఎండలో బండి ఆపి భోజనానికి వెళ్లకండి.

ఇంజిన్, ట్యాంకులు, కానపీ

ఇంజిన్ అప్పటికే ఎక్కించి ఉన్నా దించి విడిగా తీసుకెళ్లడమే మా సలహా. లైకమింగ్ ఓ-320 లాంటిది వంద కిలోలు దాటుతుంది, అదంతా ఫైర్‌వాల్ ముందు గాల్లో వేలాడే బరువు. దించితే ఫ్యూజలాజ్ తేలికవుతుంది, తోక వైపు బరువు పెరిగి బరువు కేంద్రం వెనక్కి జరుగుతుందని గుర్తుంచుకుని పట్టులు సరిచూసుకోండి. ఇంజిన్‌ను దాని మౌంట్ బోల్టుల మీదే ఒక గట్టి చట్రానికి బిగించి పాలెట్ మీద పెట్టండి. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ నోళ్లు మూసి, స్పార్క్ ప్లగ్ల బదులు తేమ పీల్చే ప్లగ్లు పెట్టండి. మెకానికల్ జైరో పరికరాలుంటే విప్పి, మెత్తగా చుట్టి, మనుషులు కూర్చునే సీట్లో తీసుకెళ్లండి. వాటి బేరింగులు లారీ కుదుపుకు తట్టుకోవు. బ్యాటరీ తీసేయండి, ట్యాంకుల్లో ఇంధనం ఉంటే పూర్తిగా వంపేయండి.

ట్యాంకుల నోళ్లన్నీ గాలి చొరకుండా బిగించేయడం పెద్ద పొరపాటు. 20 డిగ్రీల దగ్గర మూసిన ట్యాంకు ఎండలో 50 డిగ్రీలకు చేరితే లోపలి గాలి పీడనం దాదాపు పదోవంతు పెరుగుతుంది, అంటే సుమారు 1.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). లీకు పరీక్ష చేసేటప్పుడు మామూలుగా 1 పీఎస్ఐ దాటనివ్వరు. దారి 1,000 మీటర్ల ఎత్తున్న కనుమ ఎక్కితే బయటి పీడనం మరో పదోవంతు తగ్గుతుంది. సీలెంట్ అతుకులు విడిపోవడానికి అంత చాలు. ట్యాంకుకు గాలి ఆడే వెంట్ నోరు తెరిచి ఉంచి, పురుగులు, దుమ్ము పోకుండా పలచటి గుడ్డ కట్టండి. మిగతావి మూసుకోవచ్చు.

కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శకమైన కప్పు) అక్రిలిక్ పగులు ఎక్కువగా రంధ్రం అంచు నుంచే మొదలవుతుంది. ఫ్రేముకు బిగించి ఉంటే ఫ్రేముతోనే ఉంచండి, ఇంకా బిగించకపోతే పెట్టెలో బోర్లా పెట్టి అంచు పొడవునా ఫోమ్ మీద ఆననివ్వండి. దాని మీద బెల్టు వేయకండి, టేప్ అంటించకండి. చలిలో అక్రిలిక్ పెళుసవుతుంది, చల్లటి ఉదయాన కదిపేకంటే కాస్త ఎండ ఎక్కాక కదపండి. పెట్రోలు, థిన్నర్ ఆవిరి తగిలే చోట అసలు ఉంచకండి.

బండి, గాలి

మూసిన లారీ దొరికితే వేరే ఆలోచన వద్దు. 20 అడుగుల కంటైనర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, వెడల్పు 2.35, తలుపు ఎత్తు సుమారు 2.28. బండి వచ్చాక కాదు, ముందే ఈ కొలతలు గ్యారేజీ నేల మీద టేప్‌తో గీసి, చట్రాలు అందులో పెట్టి చూసుకోండి. చట్రం ఎత్తుకు దాని కింద బిగించే చిన్న చక్రాల ఎత్తు కలపడం మరిచిపోతారు.

తెరిచిన ట్రైలర్ అయితే గాలి లెక్క వేసుకోవాలి. గంటకు 60 కి.మీ. దగ్గర ఎదురుగాలి చదరపు మీటరుకు సుమారు 17 కిలోలు తోస్తుంది, 80 దగ్గర 31, 100 దగ్గర 48. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. ఐదు చదరపు మీటర్ల రెక్కను ముందంచు ముందుకు పెట్టి పడుకోబెట్టి 100 కి.మీ. వేగంతో వెళ్తే, అది ఎగరడానికి కట్టిన వస్తువు కాబట్టి, కోణం కుదిరితే 200 కిలోలకు పైగా పైకి లాగుతుంది. ఎదురుగా లారీ దూసుకుపోతే ఆ లాగుడు ఒక్క క్షణంలో దిక్కు మారుతుంది. అందుకే రెక్కను పొడవుగా, బండి దిశలోనే నిలబెట్టండి, కొస వెనక్కి ఉండాలి. టార్పాలిన్ కప్పితే గట్టిగా, ఎక్కడా ఆడకుండా కట్టండి. వదులు టార్పాలిన్ చప్పుడు చేసే ప్రతి చోటా రంగునో రేకునో గీకుతున్నట్టే.

ఖాళీ ట్రైలర్ ఎలా ఎగురుతుందో చూసినవారికి దీని సంగతి అర్థమవుతుంది. టన్ను బరువుకు చేసిన కమాన్ పట్టీల మీద 150 కిలోల విమానం పెడితే ఆ కమాన్లు అసలు వంగవు. ప్రతి గతుకూ నేరుగా పైకి వస్తుంది. రెండు మూడు వందల కిలోల ఇసుక బస్తాలు ఇరుసు మీద పరిచి కట్టేస్తే ప్రయాణం మెత్తబడుతుంది. బస్తా చినిగి ఇసుక రాలకుండా రెట్టింపు సంచుల్లో వేయండి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రైలర్ కొక్కెం మీద పడాలి. అంతకంటే తక్కువైతే వెనక ట్రైలర్ పాములా ఊగుతుంది. ఎయిర్ సస్పెన్షన్ బండి దొరికితే ఈ తంటా ఉండదు.

బెల్టుల బలం లెక్కకు అమెరికా, ఐరోపా రవాణా నిబంధనలు రెండూ ఒకే అంకెలు వాడతాయి: ముందుకు బరువులో 0.8 వంతు, పక్కలకూ వెనక్కీ 0.5 వంతు తట్టుకోవాలి. చట్రంతో కలిపి 250 కిలోలైతే ముందుకు 200, పక్కకు 125. పైకి ఎగిరే బలానికి చట్రం పూర్తి బరువు లెక్కేసుకోవడం మంచిది. అంకెలు చిన్నవే. కాబట్టి రాట్చెట్‌ను, అంటే పిడి తిప్పుతూ బెల్టు బిగించే పరికరాన్ని, చేయి నొప్పి పుట్టేదాకా తిప్పాల్సిన పని లేదు. చట్రాన్ని బండికి బిగించడానికి రాట్చెట్ బెల్టు సరే. విమానాన్ని చట్రానికి కట్టడానికి చేత్తో లాగి బిగించే క్యామ్-బకిల్ బెల్టే వాడండి. రాట్చెట్ పిడి ఒక్క నొక్కు ఎక్కువైతే రేకు ముడతపడుతుంది, తిరిగి రాదు. నైలాన్ తాడు సాగుతుంది, పాలిస్టర్ బెల్టు అంతగా సాగదు. గాల్లో ఉండే బెల్టును ఒక మెలిక తిప్పి కట్టండి. తిన్నగా ఉన్న బెల్టు గాలికి రొద పెడుతూ కొట్టుకుని, తాకిన చోట అరిగిస్తుంది.

దారిలో, దించాక

ముందు రోజు ఆ దారిలో ఖాళీ కారుతో ఒకసారి వెళ్లి రండి. స్పీడ్ బ్రేకర్లు, రైల్వే గేట్లు, తక్కువ ఎత్తున్న వంతెనలు, వేలాడే తీగలు రాసుకోండి. బండి వెనక నుంచి ఏదైనా పొడుచుకు వస్తే దానికి ఎర్ర జెండా కట్టండి, స్థానిక నిబంధన చెప్పిన పొడవు దాటనివ్వకండి. లారీ సంస్థలు పాడైన సరుకుకు చెల్లించేది చాలా చోట్ల కిలోల లెక్కన ఉంటుంది, విమానం తేలిక కాబట్టి ఆ సొమ్ము లెక్కలోకి రాదు. విడిగా రవాణా బీమా తీసుకోండి, ఎక్కించే ముందు ప్రతి వైపూ ఫోటోలు తీసి ఉంచండి.

ఎత్తేటప్పుడు ఒక్కరే మాట చెప్పాలి, మిగతావారు వినాలి. ఉంగరాలు, గడియారాలు, బకిల్ బెల్టులు తీసేయమనండి. బయల్దేరాక 10 కిలోమీటర్లకే ఆపండి. తివాచీ, ఫోమ్ అణిగి బెల్టులన్నీ వదులయ్యేది ఆ మొదటి పది కిలోమీటర్లలోనే. తర్వాత 50 దగ్గర, ఆపైన గంటకోసారి. ఆపినప్పుడల్లా బెల్టు బిగుతు కంటే ముందు రాపిడి ఆనవాళ్లు చూడండి. మెత్తటి పట్టీ అంచున బూడిద రంగు లేక నల్లటి పొడి కనిపిస్తే అక్కడ అల్యూమినియం అరుగుతున్నట్టే. బెల్టు ఇంకా బిగించడం దానికి మందు కాదు, పట్టు జరిపి మెత్త మార్చాలి. తెరిచిన ట్రైలర్‌తో గంటకు 70–80 కి.మీ. దాటకండి, ఈదురుగాలి మొదలైతే ఎక్కడైనా చాటున ఆగిపోండి.

దించాక ముందుగా తడి చూడండి. తడిసిన తివాచీ, ఫోమ్ వెంటనే తీసేసి భాగాలు ఆరబెట్టండి. రివెట్ల తలల చుట్టూ నల్లటి వలయాలున్నాయేమో, తొక్క మూలల్లో ముడతలున్నాయేమో లైటు ఏటవాలుగా పట్టి చూడండి. నేరుగా పడే వెలుతురులో సొట్ట కనపడదు, వాలుగా పడితే గోటి మందం లోతు కూడా తెలుస్తుంది. వెనకంచులకు పొడవైన స్కేలు ఆనించండి. క్లీకోలున్న రంధ్రాల్లో ఆ సైజు డ్రిల్ బిట్ వెనక వైపు దూర్చి ఆడుతోందేమో పరీక్షించండి. తర్వాత ఐమూల కొలతలు, రసమట్టం తేడా, రెక్క కోణం మళ్లీ తీసి పాతవాటితో పోల్చండి. ఐమూలలో 2 మి.మీ. దాటి తేడా వస్తే పని మొదలుపెట్టకండి. మొదట ఫ్యూజలాజ్‌ను సమంగా నిలబెట్టి, పట్టులన్నీ వదులు చేసి, ఒక రాత్రి అలాగే వదిలి మళ్లీ కొలవండి. చట్రం వంకరగా ఉండి దాన్నే కొలిచి ఉండవచ్చు. అప్పటికీ తేడా పోకపోతే, ఏ బల్క్‌హెడ్ దగ్గర మొదలైందో వరసగా కొలుచుకుంటూ వెళ్లి పట్టుకోండి. రివెట్లు పడని తొక్క ఇంకా ఉంటే సరిచేయడం సులువు, క్లీకోలు తీసి జిగ్‌లో తిరిగి కూర్చోబెట్టాలి. అంతా రివెట్ అయిపోయాక మెలి వచ్చి ఉంటే కిట్ తయారీదారును అడగకుండా ఒక్క రివెట్ కూడా తీయకండి.

చట్రాలను విడగొట్టి కట్టెలు చేయకండి. రెక్కలు బిగించే రోజు దాకా భాగాలు వాటి మీదే భద్రంగా ఉంటాయి. ఇంటి నుంచి హ్యాంగర్‌కు వెళ్లే రోజున అవే చట్రాలు, అవే గుర్తులు మళ్లీ పనికొస్తాయి.